పోటు చూసి పడవెక్కుదాం: కుటుంబంతో సుందర్‌బన్స్ ప్రయాణం ఎలా చేయాలి?

కోల్‌కతా వచ్చిన తెలుగు కుటుంబాలు చాలావరకు కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం చూసుకుని, విక్టోరియా మెమోరియల్ ముందు ఫొటోలు దిగి తిరుగు రైలెక్కేస్తాయి. మరో మూడు రోజులు వీలు చేసుకోగలిగితే, ఊరికి వంద కిలోమీటర్ల దూరంలోనే ఒక గొప్ప అడవి మొదలవుతుంది. విశాఖ, కాకినాడ ఒడ్డులను తాకే బంగాళాఖాతమే ఉత్తరాన నేలను కలిసేచోట, ఏటినీరూ సముద్రపు నీరూ కలగలిసే బురద దీవుల మీద పెరిగిన మడ అడవి అది. అందులో కాలినడకన తిరగడం కుదరదు, జీపులు పోవు. పడవలోనే కూర్చుని, పడవలోనే తిని, పడవ మీంచే చూడాలి. అందుకే ఆరేళ్ళ పిల్లల నుంచి మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ దాకా ఇంటిల్లిపాదీ కలిసి చూడగలిగిన అడవి ఇది.

ఇంతకుముందెప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం ఈ ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా వరసగా చేసుకుంటూ పోదాం. ఒక్క సూత్రం మాత్రం ముందే పట్టుకుందాం. ఇక్కడ రోజును నడిపేది గడియారం కాదు, నీరు. ఏ రేవులో ఎప్పుడు దిగాలి, ఏ కాలువలోకి ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్నీ పోటును బట్టే ఉంటాయి. ఇది మనసుకు పట్టిన కుటుంబానికి పులి కనిపించినా కనిపించకపోయినా మూడు రోజులూ నిండుగా గడుస్తాయి.

ముందుగా నాలుగు సంగతులు

సుందర్‌బన్స్ మడ అడవి భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య సుమారు పదివేల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. అందులో ఎక్కువ భాగం బంగ్లాదేశ్‌ది. మన వైపు 102 దీవులుంటే 54 దీవుల్లో జనం ఉంటున్నారు, మిగతావి అడవి. 1973లో టైగర్ రిజర్వు, 1984లో జాతీయ ఉద్యానవనం అయింది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన వైపు ఉన్న పులులు నూరు చుట్టూ ఉంటాయని అంచనా.

నీరు ఎక్కడాన్ని పోటు అనీ, తియ్యడాన్ని పాటు అనీ గోదావరి లంకల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇక్కడి పడవవాళ్ళు వాటినే జోయార్, భాటా అంటారు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ పాటుకీ మధ్య ఇంచుమించు ఆరుగంటలు. మర్నాటి పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ లెక్కన ఇవాళ ఉదయం పదింటికి నిండుపోటు ఉంటే, వారం తర్వాత అదే వేళకు నీరు బాగా తీసేసి ఉంటుంది. ఎప్పుడో వెళ్ళొచ్చిన బంధువులు చెప్పిన వేళలు మన ప్రయాణానికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

కావలసినవి

కాగితాలు: ఇంట్లో ప్రతి ఒక్కరి అసలు ఆధార్ కార్డు, ఒక్కొక్కటికి రెండేసి జిరాక్స్ ప్రతులు. చిన్నపిల్లలకు కూడా ఏదో ఒక గుర్తింపు కాగితం ఉండాలి. అమెరికా నుంచి వచ్చిన తమ్ముడో వదినగారో వెంట ఉంటే, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు అనుమతి విధానం వేరు. పాస్‌పోర్టు, వీసా ప్రతులు ముందే పడవ ఏర్పాటు చేసేవాళ్ళకు పంపుదాం.

బట్టలు: ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగులవి. చలికాలం పొద్దున్నే నది మీద గాలి కోస్తుంది కాబట్టి పెద్దవాళ్ళకు స్వెట్టరు, శాలువా, మంకీ క్యాపు తప్పనిసరి. మధ్యాహ్నానికి ఎండ ఎక్కుతుంది, అంచు ఉన్న టోపీలు కావాలి. చెప్పులు వెనక పట్టీ ఉండి, అడుగున గీతలున్నవి అయి ఉండాలి. నున్నటి హవాయి చెప్పులు బురద రేవుల్లో జారతాయి.

మందులు: రోజూ వేసుకునే మాత్రలు రెండు రోజులకు అదనంగా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం మాత్రలు, వాంతుల మాత్రలు, దోమల మందు. దారిలో వచ్చే గోసాబాలో ఆసుపత్రి ఉంది, కానింగ్‌లో ఇంకా పెద్దది ఉంది. పడవ మీద ఉన్నప్పుడు మాత్రం రెండూ గంటల దూరం.

చూడటానికి: ఒక బైనాక్యులర్. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే రెండు. పిల్లలకు ఒక్కో నోటు పుస్తకం, పెన్సిలు.

తిండి: పులిహోర, ఆవకాయ, కందిపొడి, జంతికలు. పడవలో వంటమనిషి ఉంటాడు, అయినా మన పచ్చడి మనకు ఉంటే పెద్దవాళ్ళు స్థిమితంగా తింటారు. అన్నీ స్టీలు డబ్బాల్లో సర్దుదాం. ప్లాస్టిక్ కవర్లు, ఒకసారి వాడి పారేసే గ్లాసులు అడవిలోకి తేకూడదు.

డబ్బు: నగదు కోల్‌కతాలోనే తీసుకుందాం. దీవుల్లో ఏటీఎంలను నమ్ముకోవద్దు.

పద్ధతి: ఇంటి దగ్గర చేయవలసినవి

1. నెల ఎంచుకుందాం. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండకు ఒళ్ళు కాచుకోవడానికి మొసళ్ళు బురద ఒడ్డుకు వచ్చేది ఈ రోజుల్లోనే. డిసెంబరు, జనవరిల్లో ఒక్కోసారి మంచు దట్టంగా పట్టి పొద్దున్న పడవ ఆలస్యమవుతుంది, అందుకు మనసులో సిద్ధంగా ఉందాం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, ఉక్క, దానికి తోడు తుపానులు. అయిలా 2009 మే 25న, అంఫన్ 2020 మే 20న ఈ దీవుల మీదుగానే విరుచుకుపడ్డాయి. అక్టోబరు, నవంబరు తుపానుల సంగతి మన తీరం వాళ్ళకు తెలిసిందే. 2019 నవంబరులో బుల్‌బుల్ వచ్చింది. ఏ నెలలో వెళ్ళినా బయల్దేరే ముందు నాలుగైదు రోజులు కోల్‌కతా వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుందాం. వర్షాకాలం ప్రయాణం మొదటిసారి వాళ్ళకు వద్దు.

2. తిథి చూసుకుందాం. గోడ మీద ఉన్న తెలుగు క్యాలెండరు ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఆ తర్వాతి రెండు మూడు రోజులకూ పోటు పెద్దది, పాటు లోతైనది. నీరు తీసినప్పుడు పడవ రేవుకు చాలా కిందికి దిగిపోతుంది, బురద మెట్లు ఎక్కవలసి వస్తుంది. అష్టమి దాటిన రెండు మూడు రోజుల్లో ఈ తేడా బాగా తక్కువ. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అష్టమి, నవమి, దశమి చుట్టూ వచ్చే రోజులు ఎంచుకుందాం. అందరూ చురుగ్గా నడిచేవాళ్ళే అయితే పెద్ద పోటు రోజులూ బాగుంటాయి. అప్పుడు సన్న కాలువల్లోకి ఎక్కువ దూరం వెళ్ళగలం.

3. సెలవులు కనుక్కుందాం. వారంలో ఏ రోజు అడవి మూస్తారో, వర్షాకాలపు మూసివేత ఎప్పటి నుంచి ఎప్పటి దాకానో బుకింగ్ రోజునే అడుగుదాం. మూడు రోజుల ప్రయాణంలో మధ్య రోజు సెలవైతే అసలు ప్రయాణమే పోయినట్టు.

4. పడవ ఎంచుకుందాం. మూడు రకాలున్నాయి. కోల్‌కతా నుంచే బయల్దేరే పెద్ద నౌకల్లో గదులు, సౌకర్యాలు బాగుంటాయి, ఖర్చెక్కువ. అవి సన్నని కాలువల్లో దూరలేవు. పశ్చిమ బెంగాల్ పర్యాటక అభివృద్ధి సంస్థ, ఇంకా అనేక ప్రైవేటు సంస్థలు నడిపే ప్యాకేజీల్లో ముప్పై నలభై మంది ఒకే లాంచీలో ఉంటారు, ఖర్చు తక్కువ. ఒకటి రెండు కుటుంబాలు కలిసి పది పన్నెండు మందికి ఒక చిన్న లాంచీ మాట్లాడుకోవడం మూడో పద్ధతి. పిల్లలూ పెద్దలూ ఉన్న ఇంటికి ఇదే నయం. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతారు, మన నిశ్శబ్దం మన చేతిలో ఉంటుంది.

5. డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు అడుగుదాం. పడవకు అటవీశాఖ అనుమతి ఉందా? ఎంతమందికి ఉంది? లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయా, పిల్లల సైజువి ఉన్నాయా? మరుగుదొడ్డి ఉందా, దానికి చేరాలంటే మెట్లు దిగాలా? పైఅంతస్తు చుట్టూ కటకటాలు ఎంత ఎత్తున్నాయి, సందుల్లోంచి పసివాడు జారిపోడు కదా? నీడ ఉందా? అడవి ప్రవేశ రుసుము, గైడు రుసుము, కెమెరా రుసుము, కోల్‌కతా నుంచి కారు, ఈ నాలుగూ చెప్పిన ధరలో కలిసే ఉన్నాయా? జవాబులు వాట్సాప్‌లో రాసి పంపమందాం. పడవ లోపలి ఫొటోలు కూడా అడుగుదాం. బయటి నుంచి తీసిన ఫొటో చూసి ఒప్పుకోవద్దు.

6. భోజనం సంగతి ముందే తేల్చుకుందాం. బెంగాలీ వంటంతా ఆవనూనెతో. అలవాటు లేనివాళ్ళకు మొదటి పూట ఆ ఘాటు ఇబ్బంది పెడుతుంది, వేరే నూనె వాడమని ముందే చెబుదాం. చేపలు, రొయ్యలు, పీతలు తినేవాళ్ళకు ఇక్కడ పండగే. శాకాహారులుంటే ఎంతమందో చెప్పి, వాళ్ళకు విడి గిన్నెల్లో వండమని అడగాలి. 'నిరామిష్' అంటే అర్థమవుతుంది, కానీ ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దనుకుంటున్నారు కాబోలు అని వాళ్ళు అనుకునే వీలుంది, కాబట్టి ఏవి తింటామో విడమరిచి చెబుదాం. పెరుగన్నం కావాలంటే 'టొక్ దోయి' తెప్పించమనాలి. ఒట్టి దోయి అంటే తియ్యటి మిష్టి దోయి తెచ్చి పెట్టవచ్చు.

పద్ధతి: మొదటి రోజు, కోల్‌కతా నుంచి రేవుకు

7. గద్‌ఖాలీ రేవుకు చేరుదాం. కారులో అయితే మూడు గంటలకు పైగా. తెల్లవారి ఆరింటికే బయల్దేరితే ఊరి రద్దీ తప్పుతుంది. రైలంటే ఇష్టమున్నవాళ్ళు సియాల్దా స్టేషను దక్షిణ విభాగం నుంచి కానింగ్ లోకల్ ఎక్కవచ్చు. మన వైపు నుంచి ఫలక్‌నుమా లాంటి రైళ్ళు వచ్చేది హౌరాకు. హౌరా వేరు, సియాల్దా వేరు. రెంటినీ కలుపుతూ హుగ్లీ నది కింద నుంచి ఇప్పుడు మెట్రో నడుస్తోంది. సామాను ఎక్కువ ఉంటే టాక్సీయే మేలు. కానింగ్‌లో దిగి మళ్ళీ వాహనంలో గద్‌ఖాలీ వెళ్ళాలి.

దారిలో పిల్లలకు కానింగ్ కథ చెబుదాం. మాతలా నది ఒడ్డున, కలకత్తాకు పోటీగా ఇక్కడ ఓడరేవు కట్టాలని బ్రిటిష్ ప్రభుత్వం తలపెట్టింది. తుపాను సుడికి 'సైక్లోన్' అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ 1853లోనే వద్దని హెచ్చరించాడు, ఉప్పెన వస్తే అంతా కొట్టుకుపోతుందన్నాడు. అయినా కట్టారు, 1862లో రైలూ వేశారు. 1867 నవంబరు తుపాను దాన్ని దెబ్బతీసింది, కొన్నేళ్ళకే రేవును వదిలేశారు. రైలు మాత్రం మిగిలింది. నీటి మాట వినాలన్న పాఠం పిల్లలకు ఇక్కడి నుంచే మొదలుపెడదాం.

8. పడవెక్కుదాం. మొదట సామాను, తర్వాత పెద్దవాళ్ళు, ఆ తర్వాత పిల్లలు, చివర మనం. ఒడ్డుకూ పడవకూ మధ్య వేసిన చెక్క మీద ఒక్కొక్కరుగా నడవాలి, పక్కన పట్టిన వెదురుగడను వదలకూడదు. చేతిలో సంచి, ఫోను ఏదీ ఉండకూడదు. ఎక్కగానే లైఫ్ జాకెట్లు వేసుకుని పట్టీలు బిగించి చూసుకుందాం. అవసరమైనప్పుడు వేసుకుంటాంలే అని సీటు కింద పెడితే, అవసరమొచ్చిన క్షణంలో అవి చేతికందవు.

9. పడవ నడిపే సరంగుతోనూ వంటమనిషితోనూ పరిచయం చేసుకుందాం. 'దాదా' అని పలకరిస్తే చాలు, నవ్వుతూ దగ్గరవుతారు. మొదటి ప్రశ్న ఇదే అడుగుదాం: జోయార్ ఎన్నింటికి, భాటా ఎన్నింటికి? ఆ వేళలు పిల్లల చేత నోటు పుస్తకంలో రాయిద్దాం. రేపటికి యాభై నిమిషాలు కలపమందాం. మూడో రోజుకు ఆ పిల్లలే మనకు వేళ చెబుతారు.

10. ఊళ్ళను గమనిస్తూ వెళ్దాం. గద్‌ఖాలీ దాటగానే గోసాబా, ఆ తర్వాత రెండు వైపులా మట్టి కరకట్టలు. జనం ఉన్న దీవుల చుట్టూ ఇలాంటి కట్టలు సుమారు 3,500 కిలోమీటర్లు ఉన్నాయి. నిండుపోటు వేళ పడవలోంచి చూస్తే ఊరి పొలాలు మన నీటిమట్టం కంటే కిందుగా కనిపిస్తాయి. కట్ట తెగితే ఉప్పునీరు పొలంలో నిలిచి ఏళ్ళ తరబడి వరి పండదు. ఇక్కడి మనుషుల బతుకు ఎంత సన్నని మట్టిగీత మీద నిలబడి ఉందో పిల్లలకు చూపించవలసిన చోటు ఇది.

11. సజ్‌నేఖాలీలో అనుమతి తీసుకుందాం. అటవీశాఖ కార్యాలయం ఇక్కడే. కాగితాలన్నీ ఒకరి దగ్గరే, ఒకే ఫైలులో ఉంటే పని త్వరగా అవుతుంది. అటవీశాఖ గుర్తింపు ఉన్న గైడు పడవలో తప్పనిసరిగా ఉండాలి. ఆ పని జరిగేలోపు మడ అడవి గురించి చెప్పే ప్రదర్శనశాల, కావలి గోపురం చూద్దాం. చాలా అరుదైపోయిన బటగూర్ బస్కా తాబేళ్ళను ఇక్కడే పెంచి సంతతిని నిలబెడుతున్నారు.

ఆవరణలో బొన్‌బీబీ గుడి ఉంది. అడవిలోకి వెళ్ళే తేనె పట్టేవాళ్ళు, జాలరులు, హిందువులైనా ముస్లిములైనా, ఈ వనదేవతకు దండం పెట్టే అడుగేస్తారు. దుఖే అనే పేద పిల్లవాణ్ణి పులి రూపంలో ఉన్న దక్షిణ్ రాయ్‌కి వదిలేసి పోతే, పిలవగానే వచ్చి కాపాడిన తల్లి కథ గైడు చేతే చెప్పిద్దాం. అవసరానికి మించి అడవి నుంచి తీసుకోవద్దన్నది ఆ కథలోని నియమం. గుడి ముందు చెప్పులు విప్పుదాం, ఫొటో తీసేముందు అడుగుదాం.

12. పొద్దుగుంకేలోపు బసకు చేరుదాం. చీకటిపడ్డాక అడవి నీళ్ళలో తిరగనివ్వరు. ఊరి పక్కన లంగరు వేసి పడవలోనే పడుకోవచ్చు, లేదా నదికి ఇవతల పాఖిరాలయ్, దయాపూర్ ఊళ్ళలో గది తీసుకోవచ్చు. అరవై దాటినవాళ్ళకూ పసిపిల్లలకూ రాత్రి ఒడ్డు మీద గదే సుఖం.

పద్ధతి: రెండో రోజు, అడవిలో

13. చీకటితోనే లేచి, మంచు విడగానే బయల్దేరుదాం. ఫ్లాస్కులో టీ, పిల్లలకు పాలు, బిస్కెట్లు పడవలోనే. ముందు సుధన్యఖాలీ గోపురం. దాని ముందు అటవీశాఖ తవ్వించిన మంచినీటి చెరువు ఉంటుంది. చుట్టూ ఉప్పునీరే కాబట్టి చుక్కల జింకలు, అడవిపందులు, ఒక్కోసారి పులి కూడా తాగడానికి అక్కడికే రావాలి. జనం గుంపుగా దిగే వేళకన్నా ముందు చేరితేనే చెరువు దగ్గర కదలిక ఉంటుంది. గోపురం మీద పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుందాం. వెంటనే దిగిపోయేవాళ్ళకు ఏమీ కనిపించదు.

14. కాలువలోకి పోటు ఎక్కుతున్నప్పుడు వెళ్దాం. పీర్‌ఖాలీ లాంటి సన్నని ఖాల్‌లు ఈ ప్రయాణానికి ప్రాణం. నీరు ఎక్కుతున్నప్పుడు లోపలికి వెళ్ళి, తియ్యడం మొదలవ్వగానే బయటికి రావాలి. పాటులో ఇరుక్కుంటే మళ్ళీ పోటు దాకా బురదలో కూర్చోవలసిందే. సరంగు 'ఇక తిరగాలి' అంటే ఎదురు చెప్పొద్దు. లోపల ఇంజను నెమ్మదింపజేయమని, వీలైన చోట ఆపమని అడుగుదాం. ఆ నిశ్శబ్దంలోనే లకుముకి పిట్ట కూత వినిపిస్తుంది. ఈ అడవిలో వాటిలో అనేక రకాలున్నాయి, పిల్లలు రంగులను బట్టి విడివిడిగా రాసుకోవచ్చు.

15. నీరు తీసినప్పుడు బురద ఒడ్డును చదువుదాం. మొదటిసారి వచ్చినవాళ్ళు చెట్ల వైపే చూస్తారు. ముందు నీటి అంచు చూడాలి, తర్వాత బురద, ఆ తర్వాత చెట్ల మొదళ్ళు, చివరికి ఆకులు. నీటి అంచున దుంగ అనుకున్నది ఉప్పునీటి మొసలి కావచ్చు. బురదలో ఎర్రటి పీతలు ఒక్క పెద్ద డెక్కను పైకెత్తి ఆడిస్తుంటాయి, చిన్న చేపలు రెక్కల మీద పాకుతూ గెంతుతుంటాయి. చెట్ల చుట్టూ మేకులు దిగేసినట్టు నేల నుంచి పైకి పొడుచుకొచ్చినవి శ్వాసవేళ్ళు. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్లు వేళ్ళను పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. ఈత ఆకును పోలిన హెంతాల్ పొదల్లో ఎండనీడల చారలుంటాయి. పులి చారలు వాటిలో కలిసిపోతాయి, అందుకే గైడు ఆ పొదల దగ్గర ఎక్కువసేపు చూస్తాడు. బురద మీద పాదాల వరస కనిపిస్తే, అది తాజాదా పాతదా అడుగుదాం. పోటు వచ్చి తుడిచేస్తుంది కాబట్టి, నీట మునిగే చోట కనిపించిన అడుగు ఈ పాటులో పడినదే అన్నమాట.

సుందరి చెట్టేదని పిల్లలు అడుగుతారు. అడవికి ఆ చెట్టు వల్లే పేరొచ్చిందని చాలామంది చెబుతారు. మన వైపు అది తక్కువే. గంగ ప్రవాహం శతాబ్దాలుగా తూర్పుకు జరగడంతో మాతలా, విద్యాధరి లాంటి నదులకు పైనుంచి మంచినీరు రావడం తగ్గి, ఉప్పు పెరిగింది. ఉప్పును అంతగా ఓర్చుకోలేని సుందరి వెనకబడింది, ఓర్చుకోగల మడ, తిల్ల చెట్లు నిలిచాయి. తిల్లను ఇక్కడ గెవా అంటారు. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కొమ్మలు తుంపొద్దని పిల్లలకు గట్టిగా చెబుదాం.

16. మధ్యాహ్నానికి దోబాంకీ చేరుదాం. దారిలో నదులు కలిసే పంచముఖాని దగ్గర నీరు చాలా విశాలం, గాలి ఉంటే పడవ ఊగుతుంది. అక్కడ అందరూ కూర్చునే ఉండాలి. దోబాంకీలో రెండు వైపులా వల కట్టిన ఎత్తైన నడకదారి సుమారు అర కిలోమీటరు ఉంటుంది. పడవ దిగి నడుస్తూ మడ అడవిని చూసే అవకాశం పెద్దవాళ్ళకు ఇక్కడే దొరుకుతుంది. మెట్లు నెమ్మదిగా ఎక్కించి, మధ్యలో ఆగుతూ నడిపిద్దాం. నేతిధోపానీలో పాత గుడి శిథిలం, బంగ్లాదేశ్ సరిహద్దు వైపు బూడీర్ దాబ్రీ కూడా చూడదగ్గవే. అవి చాలా దూరం, పిల్లలతో మొదటిసారికి పెట్టుకోవద్దు.

17. భోజనం పడవ నడుస్తున్నప్పుడే కానిద్దాం. కంచంలో మిగిలినది నీళ్ళలో వేయొద్దు, చెత్తంతా ఒక సంచిలో కట్టి వెనక్కి తీసుకెళ్దాం. తిన్నాక అందరికీ కునుకు పడుతుంది. ఒకరు తప్పకుండా మెలకువగా కాపలా ఉండి, ఏదైనా కనిపిస్తే భుజం తట్టి లేపాలి. పిల్లలు ఈ పనికి ఉత్సాహంగా ముందుకొస్తారు.

పద్ధతి: మూడో రోజు, తిరుగు దారి

18. గోసాబాలో దిగుదాం. స్కాట్లండ్ నుంచి వచ్చిన డేనియల్ హామిల్టన్ 1903లో ఇక్కడ భూములు తీసుకుని, రైతులతో సహకార సంఘాలు పెట్టించాడు. వడ్డీవ్యాపారుల పట్టు వదిలించడానికి 1936లో తన ఎస్టేటు వరకు చెల్లే రూపాయి నోటు కూడా తెచ్చాడు. 1932 చివర్లో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి బస చేసిన బంగ్లా, హామిల్టన్ బంగ్లా రెండూ చూడవచ్చు. దారిలో ఊరి మహిళలు అమ్మే తేనె కొందాం. అడవి తేనె పట్టడం ఏప్రిల్, మే నెలల్లో ప్రాణాలకు తెగించి చేసే పని. గీచి గీచి బేరమాడకుండా, నమ్మకమైన చోట కొందాం.

19. చీకటి పడకముందే కోల్‌కతా చేరేలా రేవు దిగుదాం. తిరుగు రైలు, విమానం ఆ రాత్రికి పెట్టుకోవద్దు. మంచు, పోటు, రోడ్డు మీద రద్దీ మూడూ కలిస్తే గంటలు జారిపోతాయి. మర్నాడు పొద్దున్నకు టికెట్ తీసుకుంటే మనసుకు కుదురు.

తరచుగా జరిగే పొరపాట్లు

అందరూ ఒకే వైపుకు పరిగెత్తడం. 'అదిగో పులి' అనగానే పడవలో అందరూ అటే లేస్తారు, పడవ ఒరుగుతుంది. ఇంటి దగ్గరే నియమం పెట్టుకుందాం: ఏది కనిపించినా కూర్చున్నచోటే ఉండాలి, పడవను సరంగే తిప్పుతాడు. ఎవరు పిల్లలను పట్టుకోవాలో, ఎవరు పెద్దవాళ్ళ పక్కన ఉండాలో ముందే పంచుకుందాం.

నీళ్ళలో చెయ్యో కాలో ఆడించడం. నీరు మట్టిరంగులో ఉంటుంది, కింద ఏముందో కనపడదు. ఇవి మొసళ్ళున్న నీళ్ళు. గిన్నెలు కడగడానికి కూడా అంచున వంగొద్దు.

పాటలు పెట్టడం. లౌడ్‌స్పీకర్ అడవిలో నిషిద్ధం. ఫోనులో చిన్నగా పెట్టినా నీటి మీద శబ్దం దూరం పోతుంది, జింకలు లోపలికి వెళ్ళిపోతాయి.

నీళ్ళు తాగకుండా ఉండటం. పెద్దవాళ్ళు ఇబ్బంది పడతామని నీళ్ళు తాగడం మానేస్తారు, మూడోపూటకు కళ్ళు తిరుగుతాయి. మరుగుదొడ్డి ఎక్కడుందో మొదటే చూపించి, వెంట ఒకరు వెళ్ళి, గంటకోసారి నీళ్ళు తాగిద్దాం.

ఒకే రోజులో వెళ్ళి రావాలనుకోవడం. రానూ పోనూ దారిలోనే ఏడెనిమిది గంటలు పోతాయి. అడవి నీళ్ళ మీద ఉండేది కాసేపే, ఆ కాసేపట్లో పోటు మనకు అనుకూలంగా ఉండాలన్న నియమం లేదు. కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకుందాం.

పులి కనిపించకపోతే డబ్బు దండగ అనుకోవడం. ఈ మాట పిల్లల ముందు అనొద్దు. పులి కోసమే వచ్చామని చెబితే వాళ్ళు మొసలినీ డాల్ఫిన్‌నీ నీటి ఉడుమునీ లెక్కలోకి తీసుకోరు. బయల్దేరే ముందే పది పేర్లు రాసిచ్చి, చూసినదానికల్లా గుర్తు పెట్టమందాం. పులి పేరు ఆ పదిలో ఒకటిగానే ఉండనిద్దాం.

తర్వాత ఏం చేద్దాం?

ఈ మూడు రోజుల్లో నేర్చుకున్నది మన తీరంలోనే మళ్ళీ వాడుకోవచ్చు. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం 1978 నుంచి ఉంది, 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి, బావురు పిల్లులకు పేరున్న చోటు. అక్కడ పులి లేదు, దారి చిన్నది, ఒక్క పూటలో చూసి రావచ్చు. అయినా పద్ధతి ఇదే: తిథి చూసుకోవడం, పోటు వేళ కనుక్కోవడం, నీటి అంచు నుంచి చెట్ల దాకా వరసగా చూడటం. కోల్‌కతా దాకా వెళ్ళలేని బామ్మ, తాతయ్యలను అక్కడికి తీసుకెళ్దాం. ఈసారి గైడు పని పిల్లలకే అప్పజెబుదాం.